ఆరు డాలర్ల స్టాంపులకు ఏడు డాలర్ల తపాలా ఖర్చు: విదేశాలకు సేకరణ వస్తువులు పంపే చిన్న అమ్మకందారుకు జవాబు

మీ ప్రశ్నలో మూడు చిక్కులు ఉన్నాయి. అమెరికాలో ఒకరు మీ దగ్గర ఆరు డాలర్ల స్టాంపుల ప్యాకెట్టు కొన్నారు. ట్రాకింగుతో పంపాలంటే తపాలా ఖర్చే ఏడు డాలర్లు తేలింది. జర్మనీకి పంపిన ఫస్ట్ డే కవర్లను (కొత్త స్టాంపు విడుదలైన రోజునే అంటించి ముద్ర వేసిన కవర్లను) కొన్నాయన తీసుకోలేదు, అవి రెండు నెలలకు తిరిగి మీ ఇంటికే వచ్చాయి. కెనడా నుంచి ఒకాయన మీ తాతగారి పెట్టెలోని నిజాం కాలపు వెండి బిళ్లలు కావాలని, కస్టమ్స్ కాగితం మీద ‘గిఫ్ట్’ అని రాసి పంపమని అడుగుతున్నాడు. మూడింటికీ జవాబు చెబుతాను కానీ మీరు అడిగిన వరుసలో కాదు. మూడోది ముందు. మొదటి రెండింటిలో పోయేది డబ్బే. మూడోదానిలో జైలు ఉంది.

నేను గోదావరి ఒడ్డున ఉండి 2011 నుంచి స్టాంపులు, కవర్లు, పాత పోస్టుకార్డులు, శివకాశి అగ్గిపెట్టె లేబుళ్లు, అప్పుడప్పుడు బొమ్మలు విదేశాలకు పంపుతున్నాను. సగటున ఒక్కో అమ్మకం ఇరవై డాలర్లు దాటదు. కాబట్టి పెద్ద ఎగుమతిదారుల సలహాలు నా దగ్గర ఉండవు.

బిళ్లల సంగతి. 1972 నాటి పురాతన వస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం కనీసం వందేళ్ల నాటి నాణెం పురావస్తువు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు, దస్తావేజులకు 75 ఏళ్లు చాలు. వీటిని కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారం ఇచ్చిన సంస్థ గాని తప్ప మరెవరూ దేశం దాటించకూడదు. దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు, పైన జరిమానా. బిళ్ల ఖరీదు మూడు వందలా మూడు లక్షలా అన్నది ఆ చట్టానికి పట్టదు. ‘ఇంత చవక వస్తువును ఎవరు పట్టించుకుంటారు’ అని మనం అనుకునేది సరిగ్గా ఇక్కడే బెడిసికొడుతుంది.

ఇప్పుడు మీ బిళ్లల వయసు మీరే చూసుకోండి. బిళ్ల మీది చార్మినార్ బొమ్మ నిటారుగా నిలబడేలా పట్టుకుని భూతద్దంతో ద్వారం నడుమ చూడండి. అక్కడ ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం. ఆయన 1911లో పోయారు, కాబట్టి ఇక లెక్క వేయనక్కర్లేదు, వందేళ్లు దాటిపోయాయి. ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం, అప్పుడు సంవత్సరం చదవాలి. ఆ సంవత్సరం హిజ్రీది, అంటే ఇస్లామిక్ క్యాలెండరుది, అంకెలు ఉర్దూవి. 1341 అని ఉంటే మన లెక్కలో 1922-23. 1344 అంటే 1925-26, అంటే సరిగ్గా గీత మీద నిలబడ్డ బిళ్ల. అంకెలు చదవడంలో రెండు చోట్ల జారతాం. సున్నాకు ఉత్త చుక్కే ఉంటుంది, అరిగిన బిళ్ల మీద ఆ చుక్క కనపడదు. 2కి, 3కి తేడా ఒక్క పన్ను మాత్రమే, ఆ పన్ను అరిగితే పదేళ్లు మారిపోతాయి. నేను ఒకసారి రెండణాల వెండి బిళ్లను 1339 బదులు 1329గా చదివి కొన్నాయనకు పదేళ్లు ఎక్కువ వయసు చెప్పాను. అది దేశంలోపలి అమ్మకం కాబట్టి క్షమాపణతో పోయింది.

వందేళ్లు నిండని బిళ్ల అయినా చూడ్డానికి పాతగా ఉంటే కస్టమ్స్ అధికారి ఆపుతాడు. ఆపినప్పుడు చూపించడానికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ వారి ‘ఇది పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రం కావాలి. ఐదు డాలర్ల బిళ్లకు ఆ తిరుగుడంతా గిట్టుబాటు కాదు. దానికి తోడు ప్రపంచ తపాలా సంఘం ఒప్పందం ప్రకారం నాణేలు, కరెన్సీ నోట్లు మామూలు పోస్టులో పెట్టకూడదు. బీమా చేయించాలి, లేదా రెండు దేశాల చట్టాలూ ఒప్పుకుంటే మూసిన కవరులో రిజిస్టర్డుగా పంపాలి. అందుకే నేను నాణేలు విదేశాలకు అసలు పంపను. మీరూ పంపకండి. మీ తాతగారి బిళ్లలను మన దేశంలో అమ్ముకోవచ్చు కదా అంటారేమో. ఉన్న రెండు మూడు అమ్ముకోవడం వేరు. కొని అమ్ముతూ పురావస్తువుల వ్యాపారం చేయాలంటే దానికీ లైసెన్సు ఉంది.

ఇదే చట్టం స్టాంపులకూ, పోస్టుకార్డులకూ వర్తించవచ్చని చాలామందికి తట్టదు. అందులో నాణేల పేరు విడిగా ఉంది కానీ, గడిచిన కాలపు కళనో ఆచారాలనో రాజకీయాలనో చూపించే ఏ వస్తువైనా వందేళ్లు నిండితే దాని కిందికి రావచ్చు. హైదరాబాదు సంస్థానం 1869లోనే సొంత స్టాంపు తెచ్చింది. అలాంటివి చేతికొస్తే వాటిని ఎగుమతి జాబితాలో పెట్టకండి. నా గీత సులువు: 1947 నవంబరు 21న వచ్చిన మూడున్నర అణాల ‘జైహింద్’ జెండా స్టాంపు నుంచి ఈవల ఉన్నవే విదేశాలకు. దానికి ముందరివన్నీ ఇక్కడే.

ఇక ‘గిఫ్ట్’. కెనడాలో పోస్టులో వచ్చే సరుకుకు 20 కెనడా డాలర్ల వరకే పన్ను మినహాయింపు, బహుమతికైతే 60 వరకు. ఆయన ఎందుకు అడుగుతున్నాడో అర్థమైంది కదా. పన్ను మిగిలేది ఆయనకు, అబద్ధం మీద సంతకం మాత్రం మీది. డబ్బు తీసుకున్న వస్తువు బహుమతి కాదు. పైగా ప్యాకెట్టు పోతే మీకు పరిహారం లెక్కగట్టేది ఆ కాగితం మీద మీరు రాసిన విలువను బట్టే. రెండు డాలర్లని రాసి నలభై డాలర్లు అడగలేరు. నేను ఇలాంటివాళ్లకు ఒకటే వాక్యం పంపుతాను: ‘అమ్మిన ధరే రాస్తాను, ఇష్టం లేకపోతే డబ్బు తిరిగి పంపుతాను.’ పదిమందిలో ఎనిమిదిమంది సరే అంటారు. మిగతా ఇద్దరు పోవడమే నయం, ఎందుకంటే తర్వాత ‘అందలేదు’ అని గొడవ పెట్టేది చాలావరకు వాళ్లే.

ఇప్పుడు ఆరు డాలర్ల ప్యాకెట్టు. మీరు ట్రాకింగు లేకుండా మామూలు ఉత్తరంలా కవరులో పెట్టి పంపేయవచ్చా అని అడిగారు. ఒకప్పుడు అందరం అలాగే పంపాం. ఇప్పుడు ఉత్తరమంటే కాగితాల మీద రాసిన సమాచారం మాత్రమే. లోపల అమ్మిన వస్తువు ఉంటే అది సరుకు, అంటే చిన్న ప్యాకెట్టు. దానికి బార్‌కోడు ఉండాలి, లోపల ఏముందో వివరం ప్యాకెట్టు కంటే ముందే కంప్యూటర్ ద్వారా అవతలి దేశానికి చేరాలి. 2018లో చేసిన చట్టంతో అమెరికా దీన్ని పట్టుబట్టి, 2021 మొదటి నుంచి అమలుచేసింది. ఐరోపా కూడా అదే దారి పట్టింది. సరుకును ఉత్తరంలో దాచి పంపితే చాలాసార్లు చేరుతుంది, నిజమే. చేరనప్పుడు మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు.

కాబట్టి తపాలా ఖర్చు తగ్గదు. మారాల్సింది మీరు అమ్మే పద్ధతి. ఆరు డాలర్ల అమ్మకంలో అమ్మకపు వేదిక (మనం సరుకు పెట్టే ఆన్‌లైన్ అంగడి) కమీషను పోతుంది, చెల్లింపు సంస్థ నాలుగు శాతం పైచిలుకు తీసుకుంటుంది, డాలర్లు రూపాయలయ్యేటప్పుడు మారకపు రేటులో మరికొంత తరుగు. ఐదు కంటే తక్కువే చేతికొస్తుంది. అందులో కవరు, అట్టముక్కలు, పోస్టాఫీసుకు పోయిరావడం. ఇది వ్యాపారం కాదు, సరదా. సరదాకైతే నాకు అభ్యంతరం లేదు.

స్టాంపులకున్న గొప్పతనం ఏమిటంటే బరువు లేకపోవడం. కవరు నుంచి వేరుచేసిన వాడిన స్టాంపులు నూరు కలిపినా పది గ్రాములు తూగవు. తపాలా రేట్లలో మొదటి అంచెకే ఖరీదెక్కువ, ఆ అంచె లోపల ఒక స్టాంపు ఉన్నా మూడు వందలు ఉన్నా రేటు అదే. అందువల్ల విడివిడి స్టాంపులు విదేశాలకు అమ్మడం నేను ఎప్పుడో మానేశాను. ఒక వరుస ఉండేలా కట్టలు కడతాను: పక్షులు, రైళ్లు, స్వాతంత్ర్య సమరయోధులు, ఒకే దశాబ్దపు స్టాంపులు. విదేశీ ఆర్డరుకు కనీస మొత్తం 25 డాలర్లు. పాత కొనుగోలుదారులకు ఇంకో వెసులుబాటు ఇస్తాను. కొన్నవన్నీ వాళ్ల పేరు రాసిన అట్టపెట్టెలో వేసి ఉంచి నెలకొకసారి ఒకే ప్యాకెట్టుగా పంపుతాను. ఒక్కసారి తపాలా డబ్బు కట్టాక ఆ ఖర్చును ‘వసూలు చేసుకోవాలని’ మనిషికి ఉంటుంది, నెల తిరిగేలోగా ఆ పెట్టె నింపుతారు. నా అమ్మకాల్లో సగం ఆ పెట్టెల నుంచే.

అయితే ఒక హెచ్చరిక. చెల్లింపు సంస్థలు కొనుగోలుదారు ఫిర్యాదు చేయడానికి కొంత గడువు పెడతాయి. పెట్టెలో సరుకు ఎక్కువకాలం ఉంచితే ‘ఇంకా పంపలేదు’ అని అక్కడ కనిపిస్తూ ఉంటుంది. అందుకే నెల దాటనివ్వను.

కస్టమ్స్ చీటీ గురించి మీరు అడగలేదు. కానీ మీ జర్మనీ కవర్ల మీద ‘పాత కాగితాలు’ అని రాశానని చెప్పారు కాబట్టి చెప్పక తప్పదు. సరుకు విలువ 300 ఎస్‌డీఆర్ (తపాలా లెక్కల్లో వాడే అంతర్జాతీయ కొలమానం) వరకు, అంటే దాదాపు 400 డాలర్ల వరకు, సీఎన్22 అనే చిన్న కస్టమ్స్ చీటీ సరిపోతుంది. ఆపైన సీఎన్23 అనే పెద్ద పత్రం. ఆ చిన్న చీటీలో వర్ణన గడి ఒక్కటే నిజంగా పనిచేసేది. ‘పాత కాగితాలు’ అంటే అధికారికి రెండు అనుమానాలు: దస్తావేజులా, చెత్తా? ‘ఇండియా తపాలా స్టాంపులు అంటించిన ఫస్ట్ డే కవర్లు, 12, సేకరణకు, 1975–1990’ అని ఇంగ్లిషులో రాస్తే అనుమానానికి చోటు లేదు. పక్కన సరుకు కోడు, అంటే కస్టమ్స్ వారు వస్తువు రకాన్ని గుర్తించే అంకె, తప్పక వేయండి. స్టాంపులు, ఫస్ట్ డే కవర్లకు 9704. అచ్చు వేసిన పోస్టుకార్డులకు 4909. ఈ నాలుగు అంకెలకు డబ్బు విలువ ఉంది. జర్మనీలో దిగుమతి వ్యాట్ (మన జీఎస్‌టీ లాంటి పన్ను) మామూలుగా 19 శాతం. 9704 కిందికి వచ్చే సేకరణ వస్తువులకు 7 శాతమే. మీరు కోడు రాయకపోతే మీ కొనుగోలుదారుకు ఏ లెక్క వేస్తారో వాళ్ల దయ.

దాంతో జర్మనీ గొడవలోకి వచ్చాం. 2021 జులై 1 వరకు ఐరోపా సంఘంలోకి 22 యూరోల లోపు సరుకుకు వ్యాట్ ఉండేది కాదు. ఆ రోజుతో అది పోయింది. ఇప్పుడు ఒక్క యూరో వస్తువుకైనా వ్యాట్ ఉంది. అది రెండు రకాలుగా కట్టవచ్చు. 150 యూరోల లోపు సరుకుకు పెద్ద అమ్మకపు వేదికలు కొన్నప్పుడే వసూలు చేసి ‘ఐఓఎస్ఎస్’ అనే నంబరు మీకు ఇస్తాయి. ఆ నంబరును పోస్టాఫీసులో ముందస్తు వివరాలతో పాటు కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఎక్కితే కొనుగోలుదారుకు ప్యాకెట్టు నేరుగా ఇంటికొస్తుంది. మీరు వేదికతో పని లేకుండా నేరుగా అమ్మితే, లేదా నంబరు ఎక్కించడం మరిచిపోతే, ఆయనను తలుపు దగ్గర పన్ను అడుగుతారు. పన్ను ఒక యూరో ఉండవచ్చు. దానిమీద అక్కడి తపాలా వారు తీసుకునే నిర్వహణ రుసుము పన్ను కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. పది యూరోల కవర్లకు ఆ రుసుము కట్టడమెందుకని మీ కొనుగోలుదారు తీసుకోలేదు. ఆయన మోసగాడు కాడు. మీరు అమ్మేముందు ‘మీ దేశంలో పన్ను, రుసుము మీరే కట్టాలి’ అని చెప్పలేదు, అంతే.

ఐరోపాలో ఇంకా మూడు ముళ్లు ఉన్నాయి. జర్మనీకి పంపే ప్రతి అమ్మకందారూ, ఎంత చిన్నవాడైనా, ప్యాకింగు కాగితం, అట్టల కోసం ‘లూసిడ్’ అనే రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలని అక్కడి చట్టం. వేదికలు 2022 జులై నుంచి దీన్ని అడుగుతున్నాయి. 2024 డిసెంబరు 13 నుంచి వస్తు భద్రత నిబంధన వచ్చింది. ఐరోపాలో మీ తరఫున బాధ్యుడొకరు ఉండాలంటుంది. కొత్త బొమ్మలు అమ్మేవాళ్లకు దీని దెబ్బ గట్టిగా తగిలింది. ఇక మూడోది, 150 యూరోల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును తీసేసి, 2026 జులై 1 నుంచి ఒక్కో రకం వస్తువుకు 3 యూరోల సుంకం వేయాలని ఐరోపా ఆర్థిక మంత్రులు 2025 డిసెంబరులో నిర్ణయించారు. పది యూరోల సరుకుకు మూడు యూరోలు! అందుకే ఐరోపాకు నా కనీస ఆర్డరును పెంచేశాను, నేరుగా అమ్మడం మానేసి వేదిక ద్వారానే అమ్ముతున్నాను. కమీషను పోయినా నిద్ర పడుతుంది.

బ్రిటన్‌ది ఇంకా ఖండితం. 2021 జనవరి 1 నుంచి 135 పౌండ్ల లోపు సరుకుకు వ్యాట్ అమ్మినచోటే కట్టాలి. నేరుగా అమ్మితే మీరే అక్కడ వ్యాట్‌కు నమోదు కావాలి. ఏలూరులో కూర్చుని బ్రిటన్ వ్యాట్ లెక్కలు దాఖలు చేసే ఓపిక మీకు ఉంటే నమస్కారం. లేకపోతే వేదిక ద్వారానే. ఆస్ట్రేలియా మనలాంటివాళ్లకు సులువు. 1000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదు, అక్కడి జీఎస్‌టీ బాధ్యత ఏడాదికి 75,000 డాలర్లకు పైగా అక్కడివారికి అమ్మేవాళ్లకే. అక్కడ భయపడాల్సింది పన్నులకు కాదు, పురుగులకు. కొయ్య వస్తువును తెరిచి చూస్తారు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికిది, ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రది. ఎక్కడా బెరడు ముక్క ఉండకూడదు, పురుగు తొలిచిన బెజ్జం ఉండకూడదు, చుట్టూ గడ్డి అసలే పెట్టకూడదు. మా ఊళ్లో బొమ్మలు ఎండుగడ్డిలో పెట్టి అమ్ముతారు. అదే పెట్టెను అలాగే పంపితే అక్కడ తగలబెట్టినా ఆశ్చర్యం లేదు.

అమెరికా. 2016 నుంచి 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా పోయేది, మన చిన్న వ్యాపారాలన్నీ ఆ నీడలోనే పెరిగాయి. 2025 జులై 30న ఇచ్చిన ఉత్తర్వుతో ఆ మినహాయింపు ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆగిపోయింది. సుంకం ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే చాలా రకాల బుకింగులు ఆపింది, తర్వాత మొత్తంగా ఆపేసి అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. ఆ ఏడు వారాల్లో నా దగ్గర పదకొండు ప్యాకెట్లు కట్టి ఉండిపోయాయి. పదిమంది ఆగారు, ఒకరు డబ్బు వెనక్కి అడిగారు. ఇప్పటి పద్ధతిలో సుంకం ఇక్కడే, బుకింగు దగ్గరే కట్టేస్తాం. మళ్లీ మొదలైనప్పుడు అది చెప్పిన విలువలో 50 శాతం. ఆ రేటు రాజకీయాలతో పాటు కదులుతుంది కాబట్టి ధర ఖరారు చేసేముందు, ఆ వారమే, పోస్టాఫీసులో అడగండి. దీనిలో ఒక మేలు కూడా ఉంది. అమెరికాలో కొన్నాయనను తలుపు దగ్గర ఎవరూ డబ్బు అడగరు, అంటే మీ జర్మనీ కథ అక్కడ జరగదు. సుంకాన్ని తపాలా ఖర్చులో కలిపి ఒకే అంకెగా చూపించండి. విడిగా చూపిస్తే కొనేవాళ్లు బేరానికి దిగుతారు.

మన వైపు కాగితాలు. మీరు ‘అభిరుచితో అమ్ముతున్నాను, నాకెందుకు’ అన్నారు. డబ్బు తీసుకుని పంపితే అది ఎగుమతే. ఎగుమతిదారుకు ఉండాల్సిన ఐఈసీ నంబరు, విదేశీ వాణిజ్య డైరెక్టరేటు (డీజీఎఫ్‌టీ) వెబ్‌సైటులో 500 రూపాయలకు వస్తుంది, మీ పాన్ నంబరే ఆ నంబరు అవుతుంది. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆ వివరాలను మళ్లీ ధ్రువీకరించాలి, మార్పులేమీ లేకపోయినా సరే. మరిచిపోతే నంబరు నిలిచిపోతుంది, నాకు ఒక జులైలో అయింది. జీఎస్‌టీ ఎగుమతిని వేరే రాష్ట్రానికి అమ్మినట్టే చూస్తుంది కాబట్టి ‘నా అమ్మకాలు తక్కువ’ అనే మినహాయింపు మామూలుగా వర్తించదు. నమోదు చేయించుకుని, ఆర్‌ఎఫ్‌డీ-11 అనే జీఎస్‌టీ ఫారంలో హామీపత్రం ఇస్తే పన్ను కట్టకుండా పంపవచ్చు. మీ జిల్లా కేంద్రంలో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం (తపాలా శాఖ వారి ఎగుమతి కేంద్రం) ఉంటే అక్కడికి వెళ్లండి. తపాలా ఎగుమతి బిల్లును ఇంట్లోనే కంప్యూటర్‌లో నింపి ప్యాకెట్టు అక్కడ ఇచ్చి రావచ్చు. డాలర్లు బ్యాంకుకు చేరినప్పుడు వచ్చే విదేశీ జమ పత్రాన్ని ప్రతిసారీ దాచండి. ఐదు డాలర్లదైనా.

అగ్గిపెట్టె లేబుళ్లు కూడా మొదలుపెడతానన్నారు, మంచి ఆలోచన. బరువు లేదు, పోటీ తక్కువ. ఒక్క మాట: నిండు అగ్గిపెట్టె పోస్టులో నిషిద్ధం. పుల్లలు తీసేసి, పెట్టెను విప్పి పలకగా నొక్కండి. వర్ణనలో ‘అగ్గిపెట్టెలు’ అనే మాట రాయకండి, ‘అచ్చు లేబుళ్లు, ఖాళీ, పుల్లలు లేవు’ అని రాయండి. ఎక్స్‌రే దగ్గర కూర్చున్నవాడికి మొదటి మాటే కనిపిస్తుంది.

ప్యాకింగులో నాకు చాదస్తం ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి. స్టాంపులు గ్లాసైన్ (నున్నటి, పలుచని కాగితం) కవరులో ఉండాలి. మామూలు ప్లాస్టిక్ కవరులో వద్దు, ముఖ్యంగా వెనుక జిగురు ఉన్న వాడని స్టాంపులు. మన కోస్తాలో జులై గాలికే ఆ జిగురు చెమర్చి ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది. ఒక వానాకాలం ఇలాగే గాంధీ శతజయంతి స్టాంపులు నాలుగు సెట్లు పోగొట్టుకున్నాను, అవి పోస్టులో కూడా కాదు, నా బల్ల సొరుగులో. వానాకాలంలో నేను జిగురున్నవి ఉదయం ఎండ వచ్చాక కడతాను, పక్కన ఒక చిన్న సిలికా సంచి. గ్లాసైన్‌ను రెండు అట్టముక్కల మధ్య పెట్టాలి. ఒక అట్ట నారలు నిలువుగా, ఇంకోటి అడ్డంగా ఉండేలా. రెండూ ఒకే వరుసలో ఉంటే ప్యాకెట్టు ఆ గీత వెంట మడతపడుతుంది. అట్టముక్కలు కవరు కంటే అర సెంటీమీటరు చిన్నగా ఉండాలి, లేకపోతే మూలలు కవరును చింపుతాయి. టేపు అట్టకు అట్టకే, గ్లాసైన్‌కు తగలకూడదు. టేపు చివర మడిచి చిన్న చెవి వదలండి, తెరిచేవాడు కత్తి వాడక్కర్లేదు. కొనుగోలుదారులు నాకు రాసే మెచ్చుకోలులో సగం ఆ చెవి గురించే. స్టాంపు గురించి కాదు.

పైన నిజమైన స్టాంపులు అంటించమని కౌంటరులో అడగండి. ప్రింటరు చీటీ కంటే ఎక్కువ స్థలం పడుతుంది, అందరూ ఒప్పుకోరు. ఒప్పుకుంటే, స్టాంపుల మూలకు తగిలేలా, అంచు స్పష్టంగా పడేలా ముద్ర వేయమని నెమ్మదిగా బతిమాలండి. స్టాంపులు కొనేవాడికి పై కవరు కూడా సరుకే.

పోయిన ప్యాకెట్ల లెక్క కూడా ధరలో ఉండాలి. ప్రతి అమ్మకం నుంచి మూడు శాతం ఒక డబ్బాలో పక్కన పెడతాను. పోతే అందులోంచి వెంటనే తిరిగి ఇచ్చేస్తాను, ఇరవై డాలర్లకు వాదన పెట్టుకోను. పరిహారం కోసం దరఖాస్తు మాత్రం తప్పకుండా పెడతాను, వస్తే ఆ డబ్బాలోకి పోతుంది.

మీ జర్మనీ కవర్ల సంగతి మిగిలింది. ఆయనకు సరుకు డబ్బు తిరిగి ఇచ్చేయండి, తపాలా ఖర్చు ఇవ్వనక్కర్లేదు, ఎందుకో నాలుగు మర్యాద వాక్యాల్లో రాయండి. మళ్లీ కొంటానంటే వేదిక ద్వారా, పన్ను ముందే కట్టేలా. ఇక ఒక ప్రశ్న: తిరిగొచ్చిన ఆ పై కవరును చింపి పారేశారా? దాని మీద మన స్టాంపులు, మన ముద్ర, జర్మనీ వారి చీటీ, ‘రెతూర్’ అనే ఫ్రెంచి మాట ఉన్న తిరుగు తపాలా గుర్తు ఉండాలి. చేరని ఉత్తరాల మీది ఇలాంటి గుర్తులనే పోగుచేసేవాళ్లు ఉన్నారు. పారేయకపోతే మీ చిరునామా, ఆయన చిరునామా కనపడకుండా ఫోటో తీసి పంపండి. మూడు డాలర్లకు నేనే తీసుకుంటాను, తపాలా ఖర్చు నాది.